అబ్బాయి వీసా సరే, అమ్మాయి వీసా సంగతేంటి?

అమెరికా సంబంధం వచ్చిందంటే మన ఇళ్ళల్లో ఎంక్వైరీ మామూలుగా ఉండదు. అబ్బాయిది ఏ కంపెనీ, ఫుల్ టైమా కన్సల్టెన్సీ ద్వారానా, జీతం ఎంత, ఇల్లు కొన్నాడా ఇంకా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటున్నాడా, ఊళ్ళో పొలం ఎంత, హైదరాబాద్‌లో ప్లాటుందా, తాగుతాడా, రూమ్మేట్లు ఎవరు, అంతకుముందు ఎవరినైనా ప్రేమించాడా... డాలస్‌లో ఉన్న పిన్నిగారి తోడికోడలి తమ్ముడిని పట్టుకుని మరీ కనుక్కుంటారు. ఇంత కనుక్కునేవాళ్ళు అడగని ప్రశ్న ఒకటుంది. మా అమ్మాయి ఏ వీసా మీద అక్కడ దిగుతుంది, ఆ వీసా మీద ఆమె ఏం చెయ్యొచ్చు ఏం చెయ్యకూడదు, రేపు ఏదైనా తేడా వస్తే ఆ దేశంలో ఉండే హక్కు ఆమెకి ఉంటుందా పోతుందా? అబ్బాయి వీసా గురించి మాత్రం అడుగుతారు, హెచ్1బీ అనే ఉద్యోగ వీసానా, గ్రీన్ కార్డా, సిటిజనా అని. అది హోదా కోసం అడగడం. దానివల్ల అమ్మాయి రోజులు ఎలా గడుస్తాయో తెలుసుకోవడానికి కాదు.

నిజానికి పెళ్లయి వెళ్ళిన అమ్మాయి మొదటి ఐదారేళ్ళు ఎలా ఉంటాయో చాలావరకు తేల్చేది ఈ వీసానే. భర్త మంచివాడైతే ఏ వీసా అయినా నెట్టుకొచ్చేయొచ్చు, ఎక్కువమంది అలాగే నెట్టుకొస్తున్నారు, పిల్లల్ని పెంచుకుంటూ ఇల్లు కొనుక్కుని హాయిగానే ఉన్నారు కూడా, కాదనడానికేం లేదు. కానీ మొగుడు మంచివాడు కాకపోతే? లేదా మంచివాడే, ఉద్యోగం ఊడిపోతే? అప్పుడు బయటపడే దారి ఉందా లేదా అన్నది ఆ అమ్మాయి చదువు మీదో ధైర్యం మీదో ఆధారపడదు, పాస్‌పోర్టులో కొట్టిన స్టాంపు మీద ఆధారపడుతుంది.

ముందు సిటిజన్ అబ్బాయి సంగతి. సిటిజన్ భార్యకి నంబర్ల కోటా లేదు. ఐ-130 పిటిషన్ వెయ్యాలి, అది అప్రూవ్ అయ్యాక ఇంటర్వ్యూ ముంబైలో, మెడికల్ చేయించుకోవాలి, మొత్తం మీద ఏడాదికి పైగానే పడుతుంది. ఆలస్యం సంగతి అలా ఉంచితే, విమానం దిగేటప్పటికే ఆమె పర్మనెంట్ రెసిడెంట్, మర్నాడే ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఒక మెలిక ఉంది. దిగే రోజుకి పెళ్లయి రెండేళ్ళు నిండకపోతే రెండేళ్ళ కార్డే ఇస్తారు, దొంగ పెళ్ళిళ్ళని ఆపడానికి 1986లో తెచ్చిన రూల్ ఇది. ఆ కార్డు అయిపోయే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 అనే ఫారం వెయ్యాలి. అంటే మొదటి రెండేళ్ళు మొగుడి సంతకం చేతిలో కత్తిలా ఉంటుంది. హింస ఉంటే సంతకం లేకుండా ఆమె ఒక్కతే వేసుకోవచ్చని 1990లో మినహాయింపు ఇచ్చారు. ఈ ముక్క ఎన్నారై పెళ్ళిళ్ళు చేసే ఎంతమంది తల్లిదండ్రులకి తెలుసంటారా, బహుశా నూటికి ఒకరికి.

గ్రీన్ కార్డ్ అబ్బాయి దగ్గర విచిత్రమైన పరిస్థితి. హెచ్1బీ అబ్బాయి పెళ్లి చేసుకుంటే స్లాట్ దొరికిన వెంటనే భార్యని తీసుకెళ్ళిపోతాడు, అదే అబ్బాయి గ్రీన్ కార్డ్ వచ్చాక పెళ్లి చేసుకుంటే భార్య ఎఫ్2ఏ అనే క్యూలో నిలబడాలి. ఆ క్యూ ఒక్కోసారి ఖాళీగా ఉంటుంది, 2019 జూలై నుంచి 2023 మొదట్లో దాకా అలాగే ఉంది, మిగతా కాలంలో ఏళ్ళు పడుతుంది. తాళి కట్టి పదిహేను రోజుల్లో అబ్బాయి ఫ్లైట్ ఎక్కేస్తాడు, అమ్మాయి అత్తగారింట్లోనో పుట్టింట్లోనో ఉండిపోతుంది, టూరిస్ట్ వీసాకి వెళ్తే మొగుడు అక్కడే ఉన్నాడు కదా తిరిగొస్తావని నమ్మకమేంటని రిజెక్ట్ చేసే అవకాశమే ఎక్కువ. అందుకే తెలిసినవాళ్ళు గ్రీన్ కార్డ్ చేతికొచ్చే లోపే పెళ్లి కానిచ్చేయమంటారు. కార్డ్ అప్రూవ్ అయ్యే ముందు పెళ్లయి ఉంటే భార్య కూడా ఆ ఫైల్‌లోనే వెనకాల వచ్చేస్తుంది, ఒక్క రోజు తర్వాత అయితే కొత్త క్యూ. మూఢంలో ముహూర్తాలు లేవని పెళ్లి వాయిదా వేసి దీంట్లో ఇరుక్కుంటే పంచాంగం చూసిన పంతులుగారేం చేస్తారు పాపం.

ఇక అసలు జనమంతా ఉండేది మూడో రకంలో, హెచ్1బీ అబ్బాయి, అతని మీద ఆధారపడ్డ మనిషిగా హెచ్4 వీసా మీద అమ్మాయి. తెలుగువాళ్ళ అమెరికా పెళ్ళిళ్ళ కథ అంటే దాదాపుగా హెచ్4 కథే.

హెచ్4 తేలిగ్గానే వస్తుంది. మ్యారేజ్ సర్టిఫికెట్, పెళ్లి ఫోటోలు, శుభలేఖ, అబ్బాయి హెచ్1బీ అప్రూవల్ నోటీసు (ఐ-797), పే స్లిప్పులు, ఇవన్నీ ఫైల్‌లో పెట్టుకుని నానక్‌రామ్‌గూడలో కొత్త కాన్సులేట్‌కి వెళ్తే చాలామందికి నాలుగు ప్రశ్నల్లో అయిపోతుంది, ఎలా పరిచయం, పెళ్ళెప్పుడు, ఆయనేం చేస్తాడు, అక్కడ నువ్వేం చేస్తావు. ఆ నాలుగో ప్రశ్నకి కన్సల్టెన్సీ వాళ్ళు ముందే జవాబు బట్టీ పట్టిస్తారు, హౌస్‌వైఫ్‌గా ఉంటానని. బీటెక్‌లో డిస్టింక్షన్, హైటెక్ సిటీలో ఐదేళ్ళ ఉద్యోగం, టీమ్ లీడ్, కౌంటర్ దగ్గర మాత్రం హౌస్‌వైఫ్. అది అబద్ధమా అంటే కాదు, ఆ వీసా రూల్ అదే, పని చెయ్యకూడదు. డబ్బులు తీసుకుని పక్కింటి పిల్లాడిని చూసుకోవడం కూడా తప్పే.

దిగాక మొదటి నెలల్లో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గర్నుంచి చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. ఇర్వింగ్‌లోనో ప్లేనోలోనో ఒక అపార్ట్‌మెంట్, చుట్టుపక్కల అందరూ మనవాళ్ళే, పటేల్ బ్రదర్స్ పదిహేను నిమిషాలు, కానీ ఆ పదిహేను నిమిషాలు కారులో. కారు ఆయనది, లైసెన్స్ ఆయనకే ఉంది. పని చేసే పర్మిషన్ లేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబర్ రాదు, ఆ నంబర్ లేకపోతే క్రెడిట్ హిస్టరీ మొదలవదు, క్రెడిట్ హిస్టరీ లేకపోతే ఆమె పేరు మీద క్రెడిట్ కార్డు, ఇంటి లీజు ఏదీ తేలిగ్గా రాదు. ట్యాక్స్ కోసం ఐటిన్ అని ఇంకో నంబర్ తీసుకోవాలి. దీనికి తోడు మన పేర్ల గొడవ. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకే గడిలో రాయించిన అమ్మాయిలకి అమెరికా వీసాలో ముందు ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, పేరు తెలియదు అని దాని అర్థం. లైసెన్స్ మీద, బ్యాంకు కార్డు మీద, ఇన్సూరెన్స్ మీద అదే వచ్చేస్తుంది, డాక్టర్ దగ్గర నర్సు బయటికొచ్చి ఫ్ను అని పిలుస్తుంది. నవ్వుకునే సంగతే కానీ కొత్త దేశంలో సొంత పేరు కూడా లేకుండా మొదలెట్టడం అంత బాగుండదు.

పెళ్ళికి ముందు నెలకి లక్ష సంపాదించుకున్న అమ్మాయి ఇప్పుడు డీమార్ట్ సైజు ఖర్చుకి కూడా అడగాల్సి రావడం చిన్న విషయంలా కనపడుతుంది. మొగుడు అడక్కుండానే ఇస్తాడు అనుకుందాం. అయినా ఇంటికి డబ్బులు పంపాలంటే, తమ్ముడి ఫీజు కట్టాలంటే, నాన్నకి స్టెంట్ వెయ్యాలంటే, ఆయన అకౌంట్‌లోంచి వెళ్ళాలి. అమ్మాయిల తల్లిదండ్రులు చదివించడానికి చేసిన అప్పు తీరకముందే పెళ్లయిన ఇళ్ళల్లో ఇది పెద్ద గొడవే. పగలు పది గంటలు ఒక్కతే, ఇండియాలో అప్పుడు అర్ధరాత్రి, ఫోన్ చెయ్యడానికి ఎవరూ మేలుకుని ఉండరు. పది కిలోల బరువు పెరిగిందనో జుట్టు ఊడిపోతోందనో వీడియో కాల్‌లో అమ్మ అడిగితే నీళ్ళు పడట్లేదు అంటారు. డిప్రెషన్ అని మన ఇళ్ళల్లో ఎవరంటారు.

ఉద్యోగం విషయంలో కొంత మారింది, అదీ పదేళ్ళ క్రితమే. 2015 మే 26 నుంచి హెచ్4 వాళ్ళకి ఈఏడీ అనే వర్క్ పర్మిట్ కార్డు ఇవ్వడం మొదలైంది, దానితో ఏ ఉద్యోగమైనా చెయ్యొచ్చు, సొంత వ్యాపారం పెట్టుకోవచ్చు. ఐతే అందరికీ కాదు, భర్తకి ఐ-140, అంటే గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్, అప్రూవ్ అయ్యుండాలి, లేదా గ్రీన్ కార్డ్ ప్రాసెస్ నడుస్తున్నందుకు ఆరేళ్ళు దాటి హెచ్1బీ పొడిగింపు మీద ఉండాలి. అంటే కంపెనీ గ్రీన్ కార్డ్ ప్రాసెస్ మొదలుపెట్టి కొంత దూరం వెళ్తే తప్ప భార్యకి కార్డు లేదు. కాబట్టి పెళ్లిచూపుల్లో అడగాల్సిన ప్రశ్న జీతం ఎంత అని కాదు, ఐ-140 అయ్యిందా అని. ఈ కార్డు తీసుకున్నవాళ్ళలో 90 శాతం పైగా ఇండియాలో పుట్టినవాళ్ళే, 90 శాతం పైగా ఆడవాళ్ళే, అందులో మనవాళ్ళ వాటా ఎంత ఉంటుందో లెక్క తీయక్కర్లేదు, ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఏ స్కూల్ బయట నిలబడినా తెలిసిపోతుంది.

ఈ కార్డు మెడ మీద కూడా పదేళ్ళుగా కత్తి వేలాడుతూనే ఉంది. రూల్ వచ్చిన ఏడాదే సేవ్ జాబ్స్ యూఎస్ఏ అనే గ్రూపు కోర్టుకెళ్ళింది, మధ్యలో ట్రంప్ మొదటి ప్రభుత్వం రద్దు చేస్తామని ప్రకటించి ఏళ్ళ తరబడి నానబెట్టింది, 2021లో ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు, 2024 ఆగస్టులో అప్పీల్ కోర్టు రూల్ చెల్లుతుందంది, 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. హమ్మయ్య అనుకునే లోపే అదే నెల 30 నుంచి ఇంకో దెబ్బ, కార్డు రెన్యువల్‌కి పెట్టుకుంటే పాతది ఆటోమేటిక్‌గా పొడిగించే సదుపాయం ఎత్తేశారు. కొత్త కార్డు వచ్చే లోపు పాతది అయిపోతే ఉద్యోగానికి సెలవు పెట్టాలి, జీతం లేని సెలవు, కంపెనీ ఓపిక పట్టకపోతే ఉద్యోగమే పోతుంది. ఇల్లు రెండు జీతాల లెక్కలో కొన్నవాళ్ళకి ఈఎంఐ మాత్రం ఆగదు కదా.

గ్రీన్ కార్డ్ వచ్చేస్తే ఈ గోల ఉండదు నిజమే, కానీ అది ఎప్పటికి? ఏడాదికి ఉద్యోగాల కోటాలో 1,40,000 కార్డులు, ఏ ఒక్క దేశానికీ మామూలుగా 7 శాతం మించకూడదు, ఇండియా అయినా ఐస్‌లాండ్ అయినా అంతే. 2025 చివరికి ఈబీ2 అనే కేటగిరీలో ఇండియా క్యూ 2013లో అప్లై చేసినవాళ్ళ దగ్గరే ఉంది. ఇప్పుడు పెళ్లయి వెళ్తున్న అమ్మాయి తన పెళ్లి సిల్వర్ జూబ్లీ హెచ్4 మీదే చేసుకున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇంకో వీసాతో పోలిస్తే దీని అన్యాయం బాగా కనిపిస్తుంది. కంపెనీ ట్రాన్స్‌ఫర్ మీద ఎల్1లో వెళ్ళినవాళ్ళ భార్యలు ఎల్2 మీద ఉంటారు, 2021 నవంబర్ నుంచి వాళ్ళు ఈఏడీ కూడా అక్కర్లేకుండా, ఎల్2 మీద ఉన్నామన్న ఆధారంతోనే పని చెయ్యొచ్చు. ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరు తెలుగు అబ్బాయిలు, ఒకరి భార్య దిగిన వారంలో ఉద్యోగం చూసుకుంటుంది, ఇంకొకరి భార్య ఐదేళ్ళు ఇంట్లో కూర్చుంటుంది. దీనికి వాళ్ళ సంప్రదాయాలతో, మగవాళ్ళ బుద్ధితో ఏ సంబంధం లేదు. దక్షిణాసియా ఆడవాళ్ళు భర్త మాట జవదాటరు, అది వాళ్ళ సంస్కృతి అని అక్కడివాళ్ళు తేల్చేస్తుంటారు, మన పెద్దవాళ్ళు కూడా గొప్పగా అదే చెప్పుకుంటారు. జవదాటితే స్టేటస్ పోయే పరిస్థితి కల్పించి పెట్టిన చట్టం గురించి ఇద్దరూ మాట్లాడరు.

స్టేటస్ పోవడం ఎంత తేలికో చూడండి. భర్త హెచ్1బీ పొడిగించుకుంటే భార్య హెచ్4 దానంతటదే పొడిగించబడదు, ఆమెకి ఐ-539 అని వేరే ఫారం వెయ్యాలి, సంతకం ఆమే పెట్టాలి. చాలా ఇళ్ళల్లో ఈ ఫారాలన్నీ ఆయనే నింపుతాడు, లాగిన్‌లు ఆయన దగ్గరే, లాయర్ మెయిల్స్ ఆయనకే. ఆయన మర్చిపోతే, లేదా కోపంతో మర్చిపోయినట్టు నటిస్తే, ఐ-94లో, అంటే దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డులో, ఉన్న తేదీ దాటిన మర్నాటి నుంచి ఆమె అక్రమంగా ఉంటున్నట్టే. 180 రోజులు దాటాక దేశం విడిచి వెళ్తే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు మళ్ళీ రానివ్వరు. ఒక్క చెంపదెబ్బ కొట్టకుండా ఒక మనిషిని గుప్పిట్లో పెట్టుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి. ఐ-94 ఎవరిది వాళ్ళే పాస్‌పోర్ట్ నంబర్‌తో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని, హెచ్4 మీద ఉన్న ప్రతి అమ్మాయీ తన తేదీ తను గుర్తుపెట్టుకోవాలి.

కొట్టే మొగుళ్ళ దగ్గర ఇంకా ఘోరం. సిటిజనో గ్రీన్ కార్డో ఉన్నవాడి భార్య అయితే ఆడవాళ్ళ మీద హింసని అరికట్టడానికి 1994లో వచ్చిన వావా చట్టం కింద అతనికి తెలీకుండా సొంతంగా పిటిషన్ వేసుకుని గ్రీన్ కార్డ్ దాకా వెళ్ళొచ్చు. హెచ్4 భార్యకి ఆ దారి లేదు. ఆమెకి మిగిలేది నేరాల బాధితులకిచ్చే యూ వీసా, పోలీసులకి సహకరించినట్టు వాళ్ళ సంతకం కావాలి, ఏడాదికి పదివేలే ఇస్తారు, క్యూ ఏళ్ళ తరబడి ఉంది. హింసకి గురైన హెచ్4 భార్యలకి వేరేగా వర్క్ పర్మిట్ ఇవ్వాలని 2006 మొదట్లోనే చట్టంలో రాసుకున్నారు, దానికి అప్లికేషన్లు తీసుకోవడం మాత్రం 2017లో మొదలైంది. పదకొండేళ్ళు! విడాకులు ఖరారైన రోజున హెచ్4 పోతుంది, ఆలోపు ఎఫ్1 స్టూడెంట్ వీసాకో ఇంకో దానికో మారాలి, చేతిలో డబ్బు లేని మనిషి కాలేజీ ఫీజు ఎక్కడ తెస్తుంది. ఆమె 911కి ఎందుకు ఫోన్ చెయ్యలేదని ఇక్కడ కూర్చుని అడిగేవాళ్ళు ఇంకోటి కూడా లెక్కేసుకోవాలి, అతను అరెస్టయి ఉద్యోగం పోతే 60 రోజుల్లో అతని స్టేటస్‌తో పాటు ఆమెదీ, ఇండియాలో పుట్టిన పిల్లలుంటే వాళ్ళదీ పోతుంది.

సిటిజన్, గ్రీన్ కార్డ్ సంబంధాల్లో ఇంకో కాగితం ఉంటుంది, దాని గురించి చెప్పేవాళ్ళు తక్కువ. భార్యని స్పాన్సర్ చేసేటప్పుడు భర్త ఐ-864 అనే పూచీకత్తు మీద సంతకం పెడతాడు, ఆమె ఆదాయం పేదరిక రేఖకి 125 శాతం కంటే కిందికి పోకుండా నేను చూసుకుంటానని అమెరికా ప్రభుత్వానికి రాసిస్తాడు. విడాకులైనా అది రద్దు కాదు. ఆమె సిటిజన్ అయ్యేదాకా, లేదా సుమారు పదేళ్ళ పని లెక్కలోకి వచ్చేదాకా నడుస్తుంది, ఇవ్వకపోతే ఆమె కోర్టులో దావా వెయ్యొచ్చు. హెచ్4కి అలాంటి పూచీకత్తు ఏదీ లేదు. పెళ్ళికి కోటి ఖర్చుపెట్టే తండ్రి ఈ తేడా తెలుసుకోవడానికి ఒక లాయర్‌కి గంట ఫీజు ఇవ్వడానికి మాత్రం వెనకాడతాడు.

ఇది అమెరికా ఒక్కదానిదే కాదు. బ్రిటన్‌లో 1979 జనవరిలో, పెళ్లి చేసుకోవడానికి వచ్చిన 35 ఏళ్ళ ఇండియన్ టీచరమ్మని హీత్రూ ఎయిర్‌పోర్టులో ఆపి కన్యో కాదో డాక్టర్ చేత పరీక్ష చేయించారు, కాబోయే భార్యకి ముందస్తు వీసా అక్కర్లేదు, పెళ్ళయినదానికి కావాలి, కాబట్టి అబద్ధం చెప్తోందేమో చూద్దామని. పేపర్లో వచ్చి గొడవయ్యాక ఆపేశారు. అదే ఏడాది లండన్‌లో పుట్టిన సౌత్‌హాల్ బ్లాక్ సిస్టర్స్ అనే సంఘం ఆ తర్వాత ఏళ్ళ తరబడి పోట్లాడింది ఇంకో రూల్ మీద, మొదటి ఏడాదిలో పెళ్లి విడిపోతే దేశం వదిలి పోవాలన్న రూల్. హింస నుంచి పారిపోయినవాళ్ళకి మినహాయింపు 1999లో వచ్చింది. ఆ ఏడాది గడువు 2003లో రెండేళ్ళయింది, 2012లో ఐదేళ్ళయింది, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టు. కెనడా అయితే 2012 అక్టోబర్‌లో భార్యకి రెండేళ్ళ కండిషన్ పెట్టి, అది ఆడవాళ్ళని హింసించేవాళ్ళకి ఆయుధమవుతోందని ఒప్పుకుని 2017 ఏప్రిల్‌లో పూర్తిగా తీసేసింది. అంటే మార్చాలనుకుంటే మారుతుంది. హెచ్4 భార్యల సంగతి ఇంత నెమ్మదిగా కదలడానికి కారణం వాళ్ళకి అక్కడ ఓటు లేదు, ఓటున్న మన సంఘాల పెద్దలకేమో ఇది ఇంటిగుట్టు.

గొడవ అక్కడితో ఆగకుండా ఇండియాకి వచ్చినప్పుడు ఇంకో రకంగా ఉంటుంది. సెలవులకని తీసుకొచ్చి, పుట్టింట్లో దింపి, పాస్‌పోర్ట్ తన బ్యాగులో వేసుకుని ఒక్కడే వెళ్ళిపోయే మొగుళ్ళు కొత్త కాదు. తర్వాత అక్కడి కోర్టు నుంచి విడాకుల నోటీసు వస్తుంది. టెక్సాస్‌లో ఆరు నెలలు రాష్ట్రంలో, 90 రోజులు ఆ కౌంటీలో ఉంటే చాలు కేసు వెయ్యొచ్చు. వీసా రద్దయిపోయిన అమ్మాయి అక్కడికెళ్ళి ఎలా వాదిస్తుంది, ఒకసారి రెండుసార్లు చూసి ఏకపక్షంగా ఇచ్చేస్తారు.

దీనికి మన సుప్రీంకోర్టు 1991లోనే గట్టి జవాబు చెప్పింది, అదీ తెలుగువాళ్ళ కేసులోనే. 1975లో తిరుపతిలో పెళ్లి, 1978లో విడిపోయారు, అతను అమెరికాలో మిస్సోరీ కోర్టు నుంచి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకుని ఇక్కడ యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య చీరాల కోర్టులో రెండో పెళ్లి నేరం కేసు వేసింది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ప్రకారం, ఆ చట్టం ఒప్పుకునే కారణాల మీద, ఇద్దరూ మనస్ఫూర్తిగా ఆ కోర్టు పరిధికి ఒప్పుకుంటే తప్ప బయటి డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద, రాజీ కుదరదు అన్న ఒక్క ముక్క మీద ఇచ్చిన డిక్రీ మన దగ్గర కాగితం ముక్కే. ఇంకో తమాషా ఉంది, కోర్టు నోటీసులు దేశాల మధ్య పంపుకునే హేగ్ ఒప్పందంలో ఇండియా చేరినప్పుడు పోస్టులో పంపే పద్ధతికి అభ్యంతరం చెప్పింది, కాబట్టి వాట్సాప్‌లోనో కొరియర్‌లోనో వచ్చిన నోటీసు పద్ధతి ప్రకారం అందినట్టు కాదు. కంగారులో దానికి జవాబు రాసేస్తే మాత్రం ఆ కోర్టుని ఒప్పుకున్నట్టు అవ్వచ్చు, ముందు లాయర్‌ని అడగాలి.

ఐతే ఇక్కడ గెలిచిన అమ్మాయి పరిస్థితి ఏంటంటే, అక్కడ అతను విడాకులైనవాడు, ఇక్కడ ఆమె ఇంకా పెళ్లయి ఉన్న మనిషి. క్రిమినల్ కేసుల్లోనూ అంతే. 2011లో ప్రకాశం జిల్లా నుంచి వెళ్ళిన ఒక కేసులో, భర్త బోట్స్వానాలో ఉండగా జరిగిన వేధింపులకి ఇక్కడ విచారణ జరపాలంటే కేంద్రప్రభుత్వ అనుమతి కావాలని సుప్రీంకోర్టు చెప్పింది. పుట్టింటికి వచ్చేసిన అమ్మాయి ఆ ఊళ్ళోనే వేధింపుల కేసు పెట్టుకోవచ్చని 2019లో ఇంకో తీర్పొచ్చింది, అది కొంత ఊరట. పిల్లలుంటే చిక్కు రెండింతలు, తల్లి పిల్లాడితో వచ్చేస్తే అమెరికా కోర్టు దాన్ని కిడ్నాప్ లెక్కలో చూస్తుంది, అలా దేశం దాటించిన పిల్లల్ని వెనక్కి పంపే ఇంకో హేగ్ ఒప్పందంలో ఇండియా చేరలేదు, ఇక్కడి కోర్టులు కేసుని బట్టి ఒక్కోసారి ఒక్కోలా తీర్పిస్తున్నాయి.

ఫిర్యాదు చెయ్యడానికి జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై సెల్ ఉంది, 2009 నుంచి. తెలంగాణ పోలీసుల విమెన్ సేఫ్టీ వింగ్‌లో కూడా ఉంది. కోర్టుకి రాకుండా తిరిగేవాడి మీద లుకౌట్ నోటీసు, పాస్‌పోర్ట్ స్వాధీనం, వీటికి కొద్దో గొప్పో ఫలితం ఉంటుంది, అదీ అతను ఇంకా ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఉంటేనే. సిటిజన్ అయిపోతే ఆ తాడు కూడా తెగిపోతుంది. పెళ్లయిన 30 రోజుల్లో రిజిస్టర్ చేసుకోవాలి, లేకపోతే పాస్‌పోర్ట్ రద్దు అని 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో ఎన్నారై పెళ్ళిళ్ళ బిల్లు పెట్టారు, 2024లో లా కమిషన్ ఇంకా పెద్ద చట్టమే కావాలని 287వ రిపోర్ట్ ఇచ్చింది. చట్టం మాత్రం కాలేదు. అక్కడ ఉన్నవాళ్ళకి ఇంతకంటే దగ్గర్లో పనికొచ్చేది ఆడవాళ్ళు పెట్టుకున్న సంఘాలే, న్యూజెర్సీలో మానవి 1985 నుంచి, న్యూయార్క్‌లో సఖి 1989 నుంచి, కాలిఫోర్నియాలో మైత్రి 1991 నుంచి, హ్యూస్టన్‌లో దయ 1996 నుంచి నడుస్తున్నాయి. మన భాష తెలిసినవాళ్ళని కలుపుతారు, ఇంట్లో చెప్పరు.

ఈ కథలో కొత్త మలుపు ఇంకోటి, హెచ్4 మీదకి వస్తున్నవాళ్ళంతా ఇప్పుడు ఇండియా నుంచి విమానం దిగుతున్నవాళ్ళు కాదు. ఎంఎస్ చేసి, చదువయ్యాక ఇచ్చే పని పర్మిషన్, మూడేళ్ళ ఓపీటీ మీద ఉద్యోగం చేస్తూ, 85,000 హెచ్1బీ వీసాల లాటరీలో మూడుసార్లు పేరు రాక, ఓపీటీ అయిపోయే నెలలు లెక్కపెట్టుకుంటున్న అమ్మాయికి ఇంట్లోవాళ్ళు హెచ్1బీ సంబంధం చూస్తారు, పెళ్ళీ అవుతుంది, స్టేటస్సూ నిలబడుతుంది, ఉద్యోగం మాత్రం పోతుంది. నలభై లక్షల అప్పు చేసి చదివిన చదువు ఈఏడీ వచ్చేదాకా అటకెక్కుతుంది. దీనికి రివర్స్ కూడా మొదలైంది, లాటరీ తగిలిన అమ్మాయి, హెచ్4 మీద అబ్బాయి. ఆ ఇళ్ళల్లో మూణ్నెల్లకే ఇది అన్యాయమైన వీసా అని అత్తమామలు కూడా ఒప్పేసుకుంటున్నారు, చిత్రం.

2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు పెట్టాక, డిసెంబర్ 15 నుంచి హెచ్1బీతో పాటు హెచ్4 వాళ్ళ సోషల్ మీడియా కూడా తనిఖీ చేస్తామని అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిపాక, స్టాంపింగ్‌కి వచ్చి ఇక్కడే చిక్కుకుపోయినవాళ్ళున్నారు, పెళ్లయి స్లాట్ కోసం ఎదురుచూస్తున్న కొత్త పెళ్ళికూతుళ్ళూ ఉన్నారు. సంబంధం చూస్తున్నవాళ్ళు అడగాల్సినవి ఇవే కాబట్టి ఇక్కడే చెప్పేయడం మేలు: ఐ-140 అప్రూవల్ నోటీసు కాపీ చూపించమనాలి, ఐ-94 తేదీ ఎప్పటిదాకా ఉందో అడగాలి, అంతకుముందు అక్కడ పెళ్లయి విడాకులైతే ఆ డిక్రీ కాపీ అడగాలి. పెళ్లయిన వారంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్, అమ్మాయి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి నింపించడం, సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఒక సెట్ పుట్టింట్లో, అన్నిటి స్కాన్‌లు ఆమెకి మాత్రమే పాస్‌వర్డ్ తెలిసిన మెయిల్‌లో. అడిగితే మర్యాదగా ఉండదేమో అనుకుంటారు ఆడపెళ్లివారు. అబ్బాయి జీతం స్లిప్పు అడిగినప్పుడు ఎవరూ మర్యాద గురించి ఆలోచించలేదు.